డెల్టా వాడు అసలు అమ్ముతున్నదేంటి?

ఒక చిన్న లెక్కతో మొదలెడతాను. 2024 లో డెల్టా ఎయిర్‌లైన్స్ నిర్వహణ లాభం, అంటే వడ్డీలూ పన్నులూ కట్టకముందు వ్యాపారమ్మీద మిగిలింది, సుమారు 600 కోట్ల డాలర్లు. అదే సంవత్సరం అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ డెల్టాకి చెల్లించింది సుమారు 740 కోట్ల డాలర్లు. అంతకు ముందేడు, 2023 లోనూ ఇదే వరస. లాభం 550 కోట్లయితే అమెక్స్ ఇచ్చింది 680 కోట్లు.

ఇంకోసారి చదవండి. దాదాపు వెయ్యి విమానాలు, దాదాపు లక్ష మంది ఉద్యోగులు, పైలట్లు, యూనియన్లు, వానా మంచూ, పోయిన సూట్‌కేసుల మీద పోట్లాటలు... ఇంత సరంజామా పెట్టుకుని ఏడాదంతా కష్టపడితే చివరికి మిగిలింది, ఒక క్రెడిట్ కార్డు కంపెనీ పంపే డబ్బుకంటే తక్కువ!

తొందరపడి "అయితే అమెక్స్ లేకపోతే డెల్టా దివాళా అన్నమాట" అనేయకండి. ఆ 740 కోట్లూ లాభం కాదు. ఆ డబ్బుకి బదులుగా డెల్టా మైళ్ళిస్తుంది, ఆ మైళ్ళకి రేపు సీట్లివ్వాలి, సీటివ్వడానికి ఖర్చుంటుంది. కాబట్టి ఒక దాంట్లోంచి ఇంకోటి తీసేసి తీర్పు చెప్పెయ్యడం కుదరదు. కానీ ఒక సంగతి మాత్రం ఈ లెక్క గట్టిగానే చెప్తోంది. మనం విమాన కంపెనీ అనుకునేదానికి అతి పెద్ద కస్టమరు సీట్లో కూర్చున్న మనం కాదు, ఒక బ్యాంకు. ఈ టపా అంతా ఆ ఒక్క ముక్క గురించే. దాని వల్ల మనకి ఒరిగేదేంటి, పోయేదేంటి అన్నది కూడా చూద్దాం.

ముందు మిగతా వ్యాపారాలు

డెల్టా వాడు చేసే పక్క వ్యాపారాల్లో అన్నిటికన్నా చిత్రమైంది పెట్రోలు తయారీ. నిజంగానే. 2012 లో ఫిలడెల్ఫియా పక్కన ట్రైనర్ అనే ఊళ్ళో ఆగిపోయి ఉన్న ఒక రిఫైనరీని కొనేశాడు. ధర 15 కోట్ల డాలర్లు, అందులో 3 కోట్లు పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వ సాయం. ఒక కొత్త పెద్ద విమానం ఖరీదుకి ఒక రిఫైనరీ వచ్చిందని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు.

దీని వెనక తర్కం సింపుల్. విమాన ఇంధనం ధరలో రెండు ముక్కలుంటాయి. ఒకటి ముడి చమురు ధర, రెండోది దాన్ని శుద్ధి చేసేవాడి మార్జిను. మొదటిది మన చేతిలో లేదు, కనీసం రెండోదైనా మన జేబులోనే ఉంచుకుందాం అని. చిక్కేంటంటే రిఫైనరీలో ముడి చమురు పోస్తే మొత్తం విమాన ఇంధనమే రాదు, ఎక్కువ భాగం పెట్రోలూ డీజిలూ వస్తాయి. వాటిని వేరే కంపెనీలకిచ్చి బదులుగా విమాన ఇంధనం తీసుకోవడం, లేదా బయట అమ్మెయ్యడం. డెల్టా 2024 మొత్తం ఆదాయం 6,160 కోట్ల డాలర్లు అని చదివినప్పుడు, అందులో సుమారు 460 కోట్లు ఇలా బయటవాళ్ళకి అమ్మిన రిఫైనరీ సరుకేనని గుర్తుంచుకోవాలి. అంకె పెద్దదే గానీ మిగిలేది తక్కువ. 2013 లో నష్టం, 2015 లో మంచి లాభం, 2016 లో మళ్ళీ నష్టం. అంటే ఇది డబ్బు సంపాదించే మిషను కాదు, ధరలు పెరిగినప్పుడు కాస్త కాచుకునే గొడుగు.

రెండోది రిపేరు షాపు. అట్లాంటాలో డెల్టా టెక్‌ఆప్స్ అని ఉంది. సొంత విమానాలే కాకుండా వందకు పైగా బయట కస్టమర్ల ఇంజన్లు, విడిభాగాలు కూడా బాగుచేసి పెడుతుంది. మన భాషలో చెప్పాలంటే సొంత అవసరానికి కట్టుకున్న ఇంటర్నల్ టీముని బయటి క్లయింట్లకి కూడా బిల్ చెయ్యడం :) ఇది బుద్ధిమంతుల వ్యాపారం. ఇంజనీర్లకి పని, కంపెనీకి డబ్బు.

మూడోది పొత్తులు. అమెరికా-యూరప్ మధ్య డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్ఎం, వర్జిన్ అట్లాంటిక్ కలిసి ఒక జాయింట్ వెంచర్ నడుపుతున్నాయి. మామూలు కోడ్‌షేరు కాదిది. అట్లాంటిక్ మీద ఎవరి విమానం ఎగిరినా వచ్చిన డబ్బు ఒప్పందం ప్రకారం అందరూ పంచుకుంటారు. మామూలుగా పోటీ కంపెనీలు కూర్చుని ధరలు మాట్లాడుకుంటే జైలుకెళ్తారు. వీళ్ళకి మాత్రం అమెరికా రవాణా శాఖ ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఈ పద్ధతికి ఆద్యులు నార్త్‌వెస్ట్, కేఎల్ఎం. వాళ్ళకి 1993 లో మొదటిసారి ఈ మినహాయింపు దొరికింది. 2008 లో నార్త్‌వెస్ట్‌ని డెల్టా కలిపేసుకుంది, ఆ కాపురం కూడా కట్నంగా వచ్చింది.

కాబట్టి హైదరాబాదు వెళ్ళే మనవాడు డెల్టా టిక్కెట్టు కొని, ఆమ్‌స్టర్‌డామ్ దాకా నీలం రంగు కేఎల్ఎం విమానంలో కూర్చుని "వీడి టిక్కెట్టు వాడి విమానమేంటి" అని తల గోక్కున్నా, ఆ ముక్క మీద డబ్బు ఎవరికెంతో వాళ్ళు ముందే రాసుకున్నారు. కేఎల్ఎం 2025 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్-హైదరాబాదు సర్వీసు మొదలెట్టింది. అదే ఏడాది జూన్‌లో ఇండిగో కూడా ఈ ముఠాతో చెయ్యి కలిపింది. అంటే మన ఊరి దారి కూడా ఈ పొత్తుల మ్యాపులోకి వచ్చేసిందన్నమాట.

పొత్తుల కోసం వాటాలు కొనడం మాత్రం అన్నిసార్లూ కలిసి రాలేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దగ్గర వర్జిన్ అట్లాంటిక్‌లో 49 శాతం వాటాని 36 కోట్ల డాలర్లకి మాట్లాడుకున్నారు. 2019 లో దక్షిణ అమెరికాలోని లాటామ్‌లో 20 శాతానికి 190 కోట్ల డాలర్లు పోద్దామనుకున్నారు. 2020 మే నెలలో లాటామ్ దివాళా పిటిషను వేసింది. పెట్టిన డబ్బు విలువ పుస్తకాల్లో కొట్టెయ్యాల్సొచ్చింది. వాటాలు ఆవిరవుతాయి, రిఫైనరీ ఊగుతుంది. ఎప్పుడూ ఊగనిది ఒక్కటే. అదే మైళ్ళు.

మైలు అంటే దూరం కాదు

1978 లో అమెరికాలో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. అప్పటిదాకా ధర ప్రభుత్వమే నిర్ణయించేది కాబట్టి కంపెనీలు భోజనంతో, సేవలతో పోటీ పడేవి. ఇప్పుడు ధర మీద యుద్ధం. నిన్న మన విమానం ఎక్కినవాడు ఇవాళ పది డాలర్లు తక్కువని ఇంకోడి విమానం ఎక్కేస్తున్నాడు. వీణ్ణి కట్టెయ్యడం ఎలా?

ఇక్కడ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు కాస్త కాలరెగరెయ్యచ్చు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ దగ్గర ఐబీఎంతో కలిసి కట్టిన సేబర్ అనే రిజర్వేషన్ సిస్టం 1960ల నుంచీ ఉంది. (దాని వంశంలో పుట్టిన టీపీఎఫ్ మీద పనిచేసి తల పట్టుకున్న మెయిన్‌ఫ్రేమ్ మిత్రులు ఇది చదువుతుంటే నమస్కారం.) ఆ డేటాబేసులో పదేపదే కనిపించే ఫోన్ నంబర్లు వెతికారు. అలా దొరికిన వాళ్ళే మాటిమాటికీ ఎగిరే కస్టమర్లు. వాళ్ళందరినీ చేర్చి 1981 మే 1న అడ్వాంటేజ్ అనే స్కీము మొదలెట్టారు. ఒక డేటాబేస్ క్వెరీ నుంచి పుట్టిన వ్యాపారమిది. రోజుల వ్యవధిలో యునైటెడ్, అదే ఏడాది డెల్టా కూడా కాపీ కొట్టేశాయి. అన్నట్టు ఆ సేబర్ కూడా మంచి పక్క వ్యాపారమే. ట్రావెల్ ఏజెంట్లకీ పోటీ కంపెనీలకీ అద్దెకిచ్చి బోలెడు సంపాదించి, 2000 లో దాన్ని పూర్తిగా విడగొట్టేశారు.

మొదట్లో మైలు అంటే నిజంగా మైలే. ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్ళు. అసలు మలుపు 1987 లో వచ్చింది. సిటీబ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి ఒక క్రెడిట్ కార్డు తెచ్చింది. డాలరు ఖర్చుకి ఒక మైలు. ఆ రోజుతో మైలుకీ విమానానికీ ఉన్న బంధం తెగిపోయింది. టమాటాలు కొన్నా మైలే, పళ్ళ డాక్టరుకి కట్టినా మైలే. డెల్టా, అమెక్స్ జోడీ 1996 లో మొదలైంది. 2019 లో ఆ ఒప్పందాన్ని 2029 దాకా పొడిగించుకున్నారు. డెల్టా కార్డుల మీద జరిగే ఖర్చు అమెరికా జీడీపీలో 1 శాతానికి దగ్గరగా ఉందని ఆ కంపెనీ యాజమాన్యమే చెప్పుకుంది. ఒక దేశంలో జరిగే కొనుగోళ్ళలో ఇంత భాగం మీద ఒక విమాన కంపెనీకి కమిషను ముడుతోందన్నమాట.

పని చేసే తీరు ఇది. మీరు కార్డు గీకుతారు. కొట్టువాడు రెండు శాతం అటూ ఇటూగా ఫీజు కడతాడు. బ్యాంకు అందులో కొంత పెట్టి డెల్టా దగ్గర మైళ్ళు కొని మీ ఖాతాలో వేస్తుంది. బ్యాంకుకి ఏ రేటుకి అమ్ముతారో బయటపెట్టరు. డెల్టాకి డబ్బు ఇవాళే వస్తుంది, సీటు ఎప్పుడో రెండేళ్ళ తర్వాత ఇస్తుంది, కొందరికి ఎప్పటికీ ఇవ్వక్కర్లేదు (మర్చిపోయేవాళ్ళు, చాలినన్ని పోగు కాని వాళ్ళు). ఇచ్చే సీటు కూడా చాలాసార్లు ఎలాగూ ఖాళీగా వెళ్ళేదే. లెక్కల పుస్తకాల్లో ఇవ్వాల్సిన సీట్ల విలువని అప్పుగా రాసుకుంటారు, బ్రాండు వాడుకున్నందుకు వచ్చిన భాగాన్ని వెంటనే ఆదాయంగా రాసుకుంటారు.

మైలు తయారు చెయ్యడానికయ్యే ఖర్చెంత? డేటాబేసులో ఒక అంకె మార్చడానికి ఎంతవుతుందో అంత.

కష్టకాలంలో బయటపడ్డ నిజం

మామూలు రోజుల్లో ఈ లెక్కలు కంపెనీలు విడిగా చెప్పవు. అప్పు కావాల్సొచ్చినప్పుడు చెప్పక తప్పదు. 2008 లో ఆర్థిక సంక్షోభం ముదిరినప్పుడు అమెక్స్ 100 కోట్ల డాలర్ల మైళ్ళు డెల్టా దగ్గర ముందే కొనేసి ఆదుకుంది. అది చిన్న సూచన.

2020 లో తెర పూర్తిగా లేచింది. విమానాలన్నీ ఎడారుల్లో పార్కు చేసి ఉన్నాయి. ఎవడూ ఎగరట్లేదు. కానీ జనం ఇంట్లో కూర్చుని సరుకులు తెప్పించుకుంటూ కార్డులు గీకుతూనే ఉన్నారు. అప్పుడు యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ స్కీముని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. ఆ సందర్భంలో స్కీము విలువ 2,190 కోట్ల డాలర్లని లెక్క చూపించింది. ఆ రోజుల్లో స్టాక్ మార్కెట్లో యునైటెడ్ కంపెనీ మొత్తం విలువ అందులో సగానికి అటూ ఇటూ. ఏడాదికి 530 కోట్ల డాలర్ల మైళ్ళు అమ్ముతున్నామని, అందులో మూడింట రెండొంతులకు పైగా బ్యాంకుల్లాంటి బయటివాళ్ళే కొంటున్నారని కూడా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో డెల్టా స్కైమైల్స్‌ని చూపించి 900 కోట్లు తెచ్చింది. 2021 మార్చిలో అమెరికన్ 1,000 కోట్లు.

అంటే మైళ్ళ స్కీము విలువ ఒక్కటీ మొత్తం కంపెనీ విలువకి రెట్టింపు. అంకగణితం ప్రకారం మిగతాదాని విలువ, అంటే విమానాలూ పైలట్లూ రూట్లూ అన్నీ కలిపి, సున్నాకి కింద! నిజానికి అలా విడదీసి చూడకూడదు. విమానం ఎగరకపోతే మైలుకి విలువే లేదు. కానీ ఏది ఫ్యాక్టరీ, ఏది సరుకు అన్నది మాత్రం తలకిందులైంది. ఒకప్పుడు సీట్లమ్ముకోవడానికి మైళ్ళిచ్చేవాళ్ళు. ఇప్పుడు మైళ్ళమ్ముకోవడానికి సీట్లు నడుపుతున్నారు.

మరి ఇందులో తప్పేముంది?

నిజాయితీగా చెప్పాలంటే, మంచి కూడా ఉంది. విమానాల వ్యాపారం దివాళాల పుట్ట. 2002 లో యునైటెడ్, 2005 సెప్టెంబరు 14న ఒకే రోజు డెల్టా, నార్త్‌వెస్ట్ రెండూ, 2011 లో అమెరికన్. ప్రతి దివాళాలోనూ ఉద్యోగాలు, జీతాలు పోయాయి, పెన్షన్లకి గండి పడింది. కార్డు డబ్బు నిలకడగా వస్తుండబట్టి ఆ కంపెనీలు కాస్త నిలదొక్కుకున్నాయి. టిక్కెట్టు మీద ఒత్తిడీ కొంత తగ్గుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను.

నా గొడవల్లా రెండు. ఒకటి, డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? రెండు, ఈ కరెన్సీకి రూలేంటి?

మొదటిది. "ఫ్రీగా టిక్కెట్టొచ్చింది" అని మనవాళ్ళు లంచ్‌లో మురిసిపోతూ చెప్తుంటారు. ఫ్రీ ఏమీ కాదు. ఇక్కడ ఇండియన్ గ్రోసరీ షాపుల్లో "పది డాలర్ల లోపు కార్డు తీసుకోము" అని బోర్డు ఎందుకుంటుందనుకుంటున్నారు? ఆ ఫీజు కొట్టువాణ్ణి కొరుకుతుంది కాబట్టి. అతను దాన్ని బియ్యం బస్తా ధరలో కలిపేస్తాడు. ఆ బస్తా కార్డు లేని వంటమనిషీ కొంటుంది, నోట్లు లెక్కపెట్టిచ్చే డ్రైవరూ కొంటాడు. వాళ్ళు కట్టిన ధరలోంచి మన బిజినెస్ క్లాస్ సీటుకి చందా వెళ్తోంది. దీనికి తోడు నెలనెలా పూర్తి బిల్లు కట్టలేక 20 శాతం పైన వడ్డీ కట్టేవాళ్ళు ఉండనే ఉన్నారు. పాయింట్లు పోగేసేవాడి సరదా, బాకీ మోసేవాడి నడ్డి మీద నడుస్తోంది.

ఇది ప్రకృతి ధర్మమేం కాదు. యూరప్‌లో 2015 నుంచి మామూలు క్రెడిట్ కార్డుల మీద బ్యాంకుకి వెళ్ళే ఫీజు 0.3 శాతం దాటకూడదని చట్టం పెట్టారు. అందుకే అక్కడ ఇంత భారీ బోనసులు కనపడవు. మన దేశంలో 2020 జనవరి నుంచి యూపీఐ మీద కొట్టువాడికి ఫీజే లేకుండా చేశారు. కొబ్బరి బొండాల బండివాడు కూడా స్కానర్ పెట్టుకున్నాడంటే అందుకే. అమెరికాలో కార్డు నెట్‌వర్కుల మధ్య పోటీ పెట్టి ఫీజు తగ్గిద్దామని 2022 లో సెనేట్‌లో ఒక బిల్లు పెడితే, బ్యాంకులతో పాటు దాన్ని గట్టిగా వ్యతిరేకించిన వాళ్ళెవరో తెలుసా? విమాన కంపెనీలు. వాళ్ళకి అందులో ఏం పని అని అడగక్కర్లేదు కదా ఇప్పుడు.

ధర రాయని కూపను

రెండోదానికొస్తే, ఇది మనకి నేరుగా తగిలేది.

ఒకప్పుడు ఇండియాలో ఆఫీసుల్లో సొడెక్సో కూపన్లు ఇచ్చేవాళ్ళు గుర్తుందా? 50 రూపాయల కూపనంటే 50 రూపాయలే. ఇప్పుడు ఇలా ఊహించుకోండి. కూపను మీద అంకె లేదు. "టిఫిను కూపను" అని మాత్రమే ఉంది. మీరు వంద కూపన్లు దాచుకుని హోటలుకెళ్ళాక, సర్వరు మీ మొహం చూసి, ఆవేళ రద్దీ చూసి, "ఇవాళ ఇడ్లీ పదకొండు కూపన్లండీ" అంటాడు. నిన్న నాలుగే కదా అంటే "అది నిన్న" అంటాడు. కూపన్లు అచ్చేసేది ఆ హోటలే, ఇడ్లీ ధర చెప్పేదీ ఆ హోటలే.

ఇది అతిశయోక్తి కాదు. డెల్టా 2015 జనవరి నుంచి ఎగిరిన దూరానికి కాకుండా ఖర్చు పెట్టిన డాలర్లకి మైళ్ళివ్వడం మొదలెట్టింది. ఆ తర్వాతి నెలలో ఏ సీటుకి ఎన్ని మైళ్ళో చెప్పే పట్టికనే తీసేసింది. 2023 సెప్టెంబరులో హోదాల రూల్సూ లాంజి రూల్సూ ఒక్కసారిగా బిగించేసింది. జనం గగ్గోలు పెట్టేసరికి అక్టోబరులో కొంత వెనక్కి తగ్గింది. గగ్గోలు పెట్టబట్టి తగ్గింది, రూలు ఉండి కాదు. అది గమనించాలి. మిగతా కంపెనీలేం శాకాహారులు కావు, తలా ఒక రకంగా అందరూ ఇదే బాటలో ఉన్నారు.

మా టీములో ఒకాయన అమ్మానాన్నల్ని బిజినెస్ క్లాసులో తీసుకురావాలని మూడేళ్ళు మైళ్ళు పోగేశారు. ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఇరవై గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోలేరు. ఇద్దరికీ సరిపడా మైళ్ళు అయ్యాయనుకుని తేదీలు చూసేసరికి ఒక్కరికి కూడా చాలలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా షరతులు చదివి వినిపించారట. చివరికి పెద్దాయన ఎకానమీలోనే వచ్చారు, నడవడానికి వీలుగా చివరి సీటు తీసుకుని. అదే మూడేళ్ళు నెలకింతని బ్యాంకులో వేసుకున్నా ఏదో ఒకటి కొనుక్కునేవారు. కనీసం ఆ డబ్బు ఎవడూ ఒక్క రాత్రిలో సగం చెయ్యడు.

కోర్టుకెళ్తే? వెళ్ళినవాళ్ళున్నారు. గిన్స్‌బర్గ్ అనే రబ్బీ నార్త్‌వెస్ట్‌లో పై హోదా ఉన్న మెంబరు. మరీ ఎక్కువ ఫిర్యాదులు చేస్తున్నాడని 2008 లో ఆయన సభ్యత్వం పీకేశారు. "ఒప్పందంలో న్యాయబుద్ధి ఉండాలి కదా" అని ఆయన కేసు వేశారు. 2014 ఏప్రిల్లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వాదన చెల్లదంది. ఎందుకు? 1978 నాటి నియంత్రణ ఎత్తివేత చట్టం ఉంది కాబట్టి, రాష్ట్రాల చట్టాల కింద ఇలాంటి దావా కుదరదని. ఏ చట్టం నుంచి ఈ మైళ్ళు పుట్టాయో ఆ చట్టమే మైళ్ళున్నవాడి నోరు నొక్కింది.

మన దేశం ఉదాహరణ ఇంకా రుచిగా ఉంటుంది. 2014 లో జెట్ ఎయిర్‌వేస్ వాళ్ళ జెట్ ప్రివిలేజ్ స్కీములో 50.1 శాతం వాటాని ఎతిహాద్ 15 కోట్ల డాలర్లకి కొంది. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానాలు ఆగిపోయాయి. వేల మంది ఉద్యోగులు జీతాల్లేకుండా రోడ్డున పడ్డారు. మైళ్ళ కంపెనీ మాత్రం బతికే ఉంది! అదే ఏడాది ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని వ్యాపారం సాగించింది. విమానం చచ్చినా మైలు బతికింది. ఏది అసలు, ఏది కొసరు అన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నేననేది

మైళ్ళ స్కీములు నిషేధించమని నేననను. కానీ కోట్లాది మంది దాచుకునే దాన్ని, దేశం ఖర్చులో ఒక శాతం దాకా ముడిపడ్డ దాన్ని, "ప్రమోషనల్ ఆఫర్" అని పిలిచి వదిలెయ్యడం కుదరదు. అది కరెన్సీ. కరెన్సీ అచ్చేసేవాడికి బాధ్యతలుండాలి. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ డెల్టా, అమెరికన్, యునైటెడ్, సౌత్‌వెస్ట్ నాలుగింటికీ మైళ్ళ లెక్కలు చెప్పమని ఉత్తరాలు రాసింది. అడిగినవాటిలో విలువ తగ్గించడం, దాచిన ధరలు కూడా ఉన్నాయి. ఆ ప్రశ్నలు సరైనవే. నన్నడిగితే కనీసం మూడు రూల్స్ కావాలి. విలువ తగ్గించే ముందు ఏడాది గడువివ్వాలి. సీటు ధర మైళ్ళలో ఎంత ఉండచ్చో పై హద్దు ముందే ప్రకటించాలి. ఇప్పటికే సంపాదించిన మైళ్ళకి పాత రూలే వర్తించాలి. మనం ఒక ఏపీఐ మార్చాలంటే పాత వెర్షన్ని ఎన్ని నెలలు బతికించి ఉంచుతాం? క్లయింటు ఎంత గొడవ చేస్తాడు? ఆ పాటి మర్యాద మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయనకి దక్కకూడదా?

అప్పటిదాకా మనం చెయ్యగలిగింది కొంచెమే. మైళ్ళు దాచుకునే వస్తువు కాదు, పెరుగులాంటిది. ఉన్నప్పుడే వాడెయ్యాలి. పండక్కి దాచుదాం అనుకుంటే పులిసిపోతుంది. బోనసు కోసం అవసరంలేని కొనుగోళ్ళు చెయ్యడం, నెల బాకీ మిగల్చడం, ఈ రెండూ మైళ్ళ ఆటలో ఓడిపోయే దగ్గరి దార్లు. 20 శాతం వడ్డీని గెలిచే మైలు ఇంతవరకూ ఎవడూ అచ్చెయ్యలేదు. నాలుగు వందల డాలర్లు ఎక్కువైనా "మన" ఎయిర్‌లైనే ఎక్కుదాం అనిపించినప్పుడు, ఆ నాలుగు వందలకి వచ్చే మైళ్ళెన్నో ఒక్కసారి కాలిక్యులేటరులో కొట్టి చూడండి.

ఈసారి విమానంలో ఎయిర్‌హోస్టెస్ మైకు పట్టుకుని కార్డు అప్లికేషన్లు పంచుతుంటే విసుక్కోకండి. మనం దాన్ని మధ్యలో వచ్చే ప్రకటన అనుకుంటాం. ఆ విమానానికి అసలు ప్రోగ్రామే అది.

మీ దగ్గర ఎన్ని మైళ్ళు పడున్నాయి? వాటితో ఏం చేద్దామనుకుంటున్నారు?